జపాను యానిమే కథలును, మన తొలి తీర్పులును

ప్రతి సంవత్సరము జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు మాసముల మొదటి దినములలో జపాను దేశపు టెలివిజనునందు యానిమే యనబడు బొమ్మల కథలు క్రొత్తవి పదులకొలది యొక్కసారిగా మొదలగుచుండును. అవి మొదలైన వారము తిరుగక మునుపే మన పాఠశాల వేపచెట్ల నీడలలోను, వసతిగృహపు మెట్లమీదను వానిపై తీర్పులు వెలువడుచుండును. "ఇది చూడదగినది", "ఇది పనికిరాదు", "దానిని నేను విడిచివేసితిని" అని తొమ్మిదవ తరగతి బాలురు న్యాయాధిపతులకుండు నిబ్బరముతో పలుకుచుండగా నేను పలుమారులు వినియున్నాను. వారు చూచినది ఒక్కొక్క కథలో ఒక్కొక్క భాగము మాత్రమే. ఇండ్లలో తల్లిదండ్రులు చూచునది యంతకంటెను తక్కువ. బిడ్డ భుజము మీదుగా ఒక్క క్షణము కనబడిన బొమ్మయే వారికి సాక్ష్యము. దానిని బట్టి వారును తీర్పు చెప్పుదురు, ఫోను లాగికొందురు. ఈ రెండు విధములైన తొలి తీర్పులను గూర్చి నా యభిప్రాయమును ఈ సంచిక మూలమున విన్నవింపగోరుచున్నాను.

మొదట నొక చిక్కు చెప్పవలెను. మన సంచిక సంవత్సరమున కొకమారు వెలువడును. ఆ కథలు సంవత్సరమునకు నాలుగు మారులు మాఱును. ఇప్పుడు నడచుచున్నవని నేను వేనిని గూర్చి వ్రాసినను, అవి అచ్చుపడి మీ చేతికి వచ్చుసరికి ముగిసిపోయి యుండును. అందుచేత ముగిసిన యొక ఋతువునే, అనగా 2023వ సంవత్సరపు శరదృతువును, ముఖ్యమైన ఉదాహరణముగా తీసికొంటిని. ఇందు వలన లాభమును కలదు. కథ ముగిసిన పిమ్మటనే గదా తొలి తీర్పు నిలిచినదో కూలినదో తెలియుట!

ఈ మూడు నెలల గడువును జపానువారు కూరు అందురు. మనకు ఋతువులాఱు, వారి టెలివిజనుకు నాలుగు. జనవరిలో శీతకాలము, ఏప్రిలులో వసంతము, జూలైలో గ్రీష్మము, అక్టోబరులో శరత్తు. వారమున కొకటి చొప్పున ఒక గడువులో 12 గాని 13 గాని భాగములు నడచును. కొన్ని కథలు రెండు గడువులు వరుసగా సాగును. మఱి కొన్ని యొక గడువు నడచి, ఆగి, ఏడాదికో రెండేండ్లకో మరల వచ్చును. ఒక్కొక్క భాగమునకు అరగంట స్థలము. ప్రకటనలు పోగా మిగులునది సుమారు 24 నిమిషములు. అందు మొదటి పాటకు ఒకటిన్నర నిమిషము, కడపటి పాటకు ఒకటిన్నర నిమిషము పోవును. కథకు దక్కునది ఇరువది నిమిషములకు కొంచె మెక్కువ. మన బడిలో నొక పీరియడున సగము. ఏ యుపాధ్యాయుడైనను క్రొత్త తరగతిలో మొదటి దినమున సగము పీరియడు పాఠము చెప్పి, దానిమీదనే తన యావజ్జీవ యోగ్యతను గూర్చిన తీర్పు వినవలసివచ్చినచో ఎట్లుండునో నే నూహింపగలను. కావున ఈ బొమ్మల కథలవారియెడ నాకు కొంత సానుభూతి కలదు.

ఈ గడువులు మన బడి పంచాంగముతో విచిత్రముగా కలియుచున్నవి. జూలై కథలు మన బడులు తెఱచిన కొలది దినములకే మొదలై దసరా సెలవుల దాపున ముగియును. అక్టోబరు కథలు దసరా దినములలో మొదలై క్రిస్మసుతో ముగియును. జనవరి కథలు సంక్రాంతికి మొదలై, పదవ తరగతివారు పబ్లికు పరీక్షలకు కూర్చుండు దినములలో ముగింపునకు వచ్చును. ఆ చివరి భాగముల కొఱకు ఎన్ని గణిత సమస్యలు మూతబడియుండునో మన గణితోపాధ్యాయులు చెప్పగలరు.

ఈ వాడుక యొక్కనాట నేర్పడినది కాదు. 1963 జనవరి 1వ తేదీన ఓసాము తెజుకా అను చిత్రకారుడు తన టెట్సువాన్ ఆటమ్ అను కథను ఫూజీ టెలివిజనులో నారంభించెను. ఆస్ట్రో బాయ్ అను పేరుతో దానిని ఇతర దేశములవా రెఱుగుదురు. వారము వారము అరగంట చొప్పున బొమ్మల కథను ధారావాహికముగా నడపుట ఆ దేశమున అదియే మొదలు. అన్ని బొమ్మలను వారములో గీయుట మానవసాధ్యము కాదు గనుక తెజుకా బొమ్మల సంఖ్యను తగ్గించెను. గీసిన బొమ్మనే మరల మరల వాడెను. మనిషి నిలుచుండగా నోరు మాత్రమే కదలించెను. ఆ కథ 1966 డిసెంబరు 31 వరకు 193 భాగములు నడచెను. అంతటి నిడివిగల కథకు మొదటి భాగము పేలవముగా నున్నను సరిదిద్దుకొనుటకు వ్యవధి యుండెడిది. పండ్రెండు భాగముల కథకు ఆ వ్యవధి యెక్కడిది? పైగా నేటి కథలలో పెక్కింటికి పెట్టుబడి పెట్టువారు పుస్తక ప్రచురణకర్తలు, సంగీత వ్యాపారులు, ఆటబొమ్మల వర్తకులు, టెలివిజనువారు కలిసిన యొక సంఘము. వారి సొమ్ము తిరిగి రావలెను. పదులకొలది కథలు ఒక్క వారమున వాకిట నిలిచినపుడు, ప్రతివారును తమ మొదటి భాగమును అంగడి ముందర వ్రేలాడగట్టిన చీరవలె అలంకరింతురు. లోపలి బీరువాలోని చీరలన్నియు నట్లే యుండునని నమ్ముట కొనువాని తెలివితక్కువ. ముందర చీర బాగుండలేదని అంగడిలో నడుగు పెట్టకపోవుటయు నంతే.

తొలి తీర్పు వలన కలిగిన హానికి రెండు ప్రసిద్ధమైన దృష్టాంతములు కలవు. 1974 అక్టోబరులో అంతరిక్ష యుద్ధనౌక యమాతో అను కథ మొదలయ్యెను. ఆదివారము సాయంకాలము ఏడున్నర గంటలకు అది వచ్చుచుండగా, అదే వేళకు మఱియొక టెలివిజనులో ఆల్ప్స్ పర్వతముల బాలిక హైదీ కథ నడచుచుండెను. స్విట్జర్లాండు రచయిత్రి యోహన్నా స్పైరి నవలకు ఇసావో తకాహతా దర్శకత్వమున, హయావో మియజాకి దృశ్యముల కూర్పుతో తయారైన కథ యది. ఇంటింటను పిల్లలు హైదీనే చూచిరి. (ఆ యింటిలో నే నుండినచో నా యోటును హైదీకే పడియుండును, అది వేఱు సంగతి.) వీక్షకుల లెక్క తక్కువగా నుండుటచే, 39 భాగములుగా సంకల్పింపబడిన యమాతోను 26 భాగములతో ముగించిరి. ఆ ముగించిన కథనే 1977లో చలనచిత్రముగా కూర్చి విడుదల చేయగా, ముందటి రాత్రినుండియే యువకులు థియేటరుల యెదుట బారులు తీరిరి. రెండవది 1979 ఏప్రిలులో మొదలైన మొబైల్ సూట్ గండమ్. మన భాషలో ఆ పేరే యొక అపశకునము. 52 భాగములకు సంకల్పించినది 43తో ఆగిపోయెను. తరువాత పునఃప్రసారముల వలనను, 1980 నుండి అమ్మకమునకు వచ్చిన ప్లాస్టికు నమూనా బొమ్మల వలనను దానికి కలిగిన ప్రఖ్యాతి నలువదియేండ్లు దాటినను తఱుగలేదు. మొదటి వారములలో దానిని త్రోసివేసినవారు తెలివిలేనివారు కారు. చూడవలసినంత చూడలేదు, అంతియే.

ఇప్పుడు 2023కు వత్తము. ఆ సంవత్సరము కథలు తయారు చేయువారే తొలి చూపు యొక్క కొఱతను గుర్తించినట్లు నాకు తోచుచున్నది. ఏప్రిలులో ఒషి నో కో అను కథకు మొదటి భాగమును 90 నిమిషముల స్థలమున ప్రసారము చేసిరి. సెప్టెంబరు 29వ తేదీన ఫ్రీరెన్ అను కథను, నిప్పాన్ టెలివిజనువారు చలనచిత్రములకు కేటాయించిన శుక్రవారపు రాత్రి వేళ, మొదటి నాలుగు భాగములు కలిపి రెండు గంటలు చూపిరి. అక్టోబరులో అపోతెకరీ డైరీస్ అను కథకు మొదటి మూడు భాగములు ఒక్కసారిగా వచ్చెను. ఇది వర్తకపు యుక్తి కాదని నే ననను. కాని ఇందొక యొప్పుకోలును కలదు. తమ కథ యేమిటో ఇరువది నిమిషములలో తెలియదనియు, చూచువాడు కొంతసేపు కూర్చుండిననే గాని బోధపడదనియు వారు తామే చాటిరి.

ఫ్రీరెన్ కథను కొంచెము విపులముగా చెప్పుటకు సెలవీయుడు. కనెహితో యమదా కథ వ్రాయగా త్సుకసా ఆబే బొమ్మలు గీసిన మాంగా పుస్తకము దీనికి మూలము. 2020లో నొక వారపత్రికలో ప్రకటన మొదలయ్యెను. మాడ్‌హౌస్ అను స్టూడియోవారు కెయిచిరో సైతో దర్శకత్వమున దీనిని 28 భాగములుగా చేసిరి. 2024 మార్చిలో ముగిసెను. తక్కిన వీరగాథలు రాక్షసరాజును చంపుటతో ముగియును. ఇది యట్లు చంపి వచ్చుటతో మొదలగును. హిమ్మెల్ అను వీరుడు, హైతర్ అను యాజకుడు, ఐజెన్ అను పొట్టి యోధుడు, ఫ్రీరెన్ అను మాంత్రికురాలు పదియేండ్ల యాత్ర ముగించి రాజధానికి తిరిగి వత్తురు. ఫ్రీరెన్ వేయేండ్లకు మించి జీవించు జాతికి చెందినది. పదియేండ్లు ఆమెకు మనకొక వేసవి సెలవువంటివి. ఆ రాత్రి ఏబదియేండ్లకొకమారు కనబడు ఉల్కాపాతమును నలువురును చూతురు. మఱల వచ్చునపుడు ఇంకను బాగుగ కనబడు చోటునకు మిమ్ము తోడుకొని పోయెదనని ఆమె తేలికగా మాట యిచ్చి వెడలిపోవును. ఏబదియేండ్లకు తిరిగి వచ్చునప్పటికి హిమ్మెల్ వంగిన వృద్ధుడు. మాట చొప్పున నలువురును పోయి ఆ ఉల్కలను చూతురు. పిమ్మట హిమ్మెల్ మరణించును. సమాధి వేళ ఆమె కంట తడి లేకుండుట చూచి, ఇంతటి కఠినురాలా యని జనులు గుసగుసలాడుదురు. అంతలో ఆమె భోరున నేడ్చును. తన దుఃఖము అతడు పోయినందుకు మాత్రమే కాదు. పదియేండ్లు కూడ నడచియు అతనిని తెలిసికొన ప్రయత్నింపకపోతినే యని.

ఇదంతయు మొదటి భాగములోనిదే. మా తరగతిలో నొక బాలుడు దీనిని చూచి, "అయ్యగారూ, ఏమియు జరుగలేదు, ముసలివారు చనిపోయిరి, అంతే" అని చెప్పి విడిచిపెట్టెను. అతని తప్పు నే నెన్నను. ఖడ్గయుద్ధము కొఱకు కూర్చున్నవానికి సమాధి చూపినచో మఱేమనును? కాని ఆ మొదటి రాత్రి చూపిన నాలుగు భాగములను చూచినవానికి వేఱు సంగతి తెలియును. తరువాతి యాత్రలో ఫ్రీరెన్, హైతర్ పెంచిన ఫెర్న్ అను అనాథ బాలికను శిష్యురాలిగా వెంటబెట్టుకొని పోవుచు, హిమ్మెల్ విగ్రహము చుట్టును నాటుటకై అతని స్వగ్రామపు నీలి పూవు నొకదానిని దినముల తరబడి వెదకును. వేకువను లేవనేరని యామె, నూతన సంవత్సరపు సూర్యోదయమున అతని కేమి యానందము కనబడెనో తెలిసికొనుటకై కష్టపడి మేల్కొనును. సూర్యోదయ మామెకు గొప్పగా తోచదు. ప్రక్కనున్న బాలిక నవ్వు చూచి సంతోషించును. వీనిలో ఒక్కటియు పెద్ద సంఘటన కాదు. పెద్ద సంఘటనలన్నియు కథ మొదలగుటకు ముందే ముగిసినవి. మిగిలినది తెలిసికొనుట యొక్కటియే. ఆ కథలో కాలమును గూడ వీరుని మరణమునుండియే లెక్కించుచు, ఇన్నవ సంవత్సరమని తెరమీద వ్రాయుదురు. మన శకమును మనము దేనినుండి లెక్కించుచున్నామో తెలిసిన మన పిల్లలకు ఈ చిన్న సంగతి తట్టవలసినదే.

ఆ ఋతువునందలి మఱియొక కథ అపోతెకరీ డైరీస్. దీనిని గూర్చి నా మాట కొంచెము జాగ్రత్తతో కూడినది. మావోమావో అను మందుల విద్య యెఱిగిన బాలిక చక్రవర్తి అంతఃపురమునకు దాసిగా అమ్మబడును. అక్కడ రాజశిశువులు కారణము తెలియని జబ్బుతో మరణించుచుండగా, తల్లులు ముఖమునకు పూసికొను తెల్లని పొడిలో విషమున్నదని ఈమె కనిపెట్టి, పేరు లేని చీటిని పూలకొమ్మకు కట్టి హెచ్చరించును. తెల్ల సీసమును ముఖమునకు పూసికొను దురాచారము పూర్వము అనేక దేశములలో నుండెను. మన రసాయన శాస్త్రోపాధ్యాయులకు ఇంతకంటె మంచి పాఠ ప్రారంభము దొరకదు. అయినను ఆ కథ నడచు స్థలము అంతఃపురము, వేశ్యవాటిక. పై తరగతులవారు పెద్దలు ప్రక్కనుండగా చూడవచ్చును. ఆఱవ తరగతివారికి అది తగదు. ఒషి నో కో సంగతి యింకను స్పష్టము. మొదటి భాగముననే యొక యువతి పొడువబడి చనిపోవును. నటనా వృత్తిలోని అబద్ధములను గూర్చి అందు విమర్శ యున్న మాట నిజమే గాని, దానిని మా పిల్లలకు నేను చూడుమని చెప్పజాలను.

ఇచ్చట నొక భేదమును గుర్తింపవలెను. కథ సభ్యమా, అసభ్యమా యనునది మొదటి భాగమునందే, కొన్నిమారులు మొదటి నిమిషమునందే తెలియును. అట్టిదానిని వెంటనే కట్టివేయుటకు మూడు భాగములు చూడ నక్కఱ లేదు. కాని కథ గొప్పదా, కాదా యనునది వేఱు ప్రశ్న. మన బాలురు రెండవ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పుచు, మొదటి ప్రశ్నను అడుగుటయే మఱచుచున్నారు. మన తల్లిదండ్రులలో కొందఱు మొదటి ప్రశ్నకు జవాబును బొమ్మ చూచినంతనే చెప్పి, రెండవ ప్రశ్న యొకటి కలదని యెఱుగకున్నారు.

చూచువారిలో మూడు భాగముల నియమమను నొక వాడుక కలదు: మూడు భాగములు చూచిన తరువాతనే విడుచుటయో పట్టుటయో నిశ్చయించుకొనవలెనని. 2011 జనవరిలో మొదలైన మడోకా మాజికా అను కథ మొదటి రెండు భాగములందు పసిపిల్లల మంత్రపు కథవలె కనబడి, మూడవ భాగమున నొక ముఖ్యపాత్ర మరణముతో ఒక్కసారిగా మాఱిపోవుటచే ఈ నియమమునకు సాక్ష్యముగా దానిని చూపుదురు. నియమము మంచిదే, అదియు పూర్తిగా చాలదు. 2019 ఏప్రిలులో మొదలైన డీమన్ స్లేయర్ మొదటినుండియు బాగుగ గీయబడినదే గాని, దాని పేరు దేశదేశముల మాఱుమ్రోగినది 26 భాగములలో 19వది ఆగస్టు 10వ తేదీన వచ్చిన తరువాత. మరు సంవత్సరము అక్టోబరులో విడుదలైన దాని చలనచిత్రము వసూళ్లలో జపాను చలనచిత్రములన్నిటిని మించెను. పందొమ్మిది వారములు ఓపిక పట్టుమని నేను పిల్లలకు చెప్పుట లేదు. పట్టనివారు 'నేను ఇంతవరకే చూచితిని' అని చెప్పినచో చాలును.

ఈ డీమన్ స్లేయర్ మూలముననే మన పాఠశాలకు సంబంధించిన యొక కుటుంబమున చిక్కు కలిగినది. ఒక తల్లి తన కుమారుని ఫోనులో కొమ్ము మొలిచిన నోటిలో కోరలుగల యొక రూపమును చూచి, బిడ్డ సాతాను బొమ్మలకు లోబడుచున్నాడని భయపడి, నాతో కన్నీళ్లతో చెప్పుకొనెను. ఆమె భయమును నేను పరిహసింపలేను. తల్లి ప్రార్థనలో నుండి పుట్టిన భయమది. ఆమె గట్టిగా మందలించెను. పిల్లవాడు మానలేదు, దుప్పటి క్రింద చూచుట నేర్చుకొనెను. ఆమె చూచిన రూపము నెజుకో యను బాలికది. బొగ్గులమ్ముకొని జీవించు తంజిరో అను బాలుని కుటుంబమును రాక్షసుడు చంపగా, ప్రాణముతో మిగిలిన చెల్లెలు రాక్షసిగా మాఱును. ఆమెను తిరిగి మనిషిని చేయుటకై అన్న పడు పాటు ఆ కథ. తలలు నఱకు దృశ్యములందు తఱచుగా వచ్చును. చిన్నపిల్లలకు అది తగదని నా నిశ్చితాభిప్రాయము. కాని ఆ తల్లితో నేను చెప్పినది వేఱు. "అమ్మా, ఆ రాక్షసి యెవరో మీ అబ్బాయిని అడిగితిరా?" అంటిని. అడుగలేదు. అడిగినచో, పాడైపోయిన తోబుట్టువును విడువని యన్న కథను ఆ బాలుడు ఆమెకు చెప్పియుండును. ఆ పిమ్మట ఆమె వలదన్నను అది విని చెప్పిన మాట యగును. కుఱ్ఱవానికి దుప్పటి యవసరము కలుగకపోయెడిది. 2025 సెప్టెంబరు 12వ తేదీన దాని క్రొత్త చలనచిత్రము మన దేశపు థియేటరులలో తెలుగు మాటలతో గూడ వచ్చినది గనుక, భాష తెలియదను సాకు ఇక పెద్దలకును లేదు.

మన మిషను ఇండ్లలో బన్యను వ్రాసిన యాత్రికుని ప్రయాణమును తాతల నాటినుండి చదువుచున్నారు. అందు అపొల్లుయోను అను దయ్యమునకు చేపకున్నట్టి పొలుసులు, ఘటసర్పము రెక్కలు, ఎలుగుబంటి పాదములు కలవు. ఆ పుటలోని బొమ్మ మాత్రమే చూచినవాడు ఆ గ్రంథమును పొయ్యిలో వేయును. బొమ్మల కథ యనగానే అన్యుల దుష్కృత్యమని తలచువారి కొఱకు మఱియొక సంగతి: 1981లో తట్సునోకో అను జపాను స్టూడియోవారే అమెరికాలోని యొక క్రైస్తవ ప్రసార సంస్థతో కలిసి పరిశుద్ధ గ్రంథ కథలను సూపర్‌బుక్ అను యానిమేగా తీసిరి. కలము మంచిదో చెడ్డదో దానితో వ్రాసినది చదివిననే గాని తెలియదు గదా.

సమూయేలు ప్రవక్త యెష్షయి యింట పెద్దకుమారుని యెత్తును, రూపమును చూచి రాజితడే యని తొలి చూపుననే నిశ్చయించుకొన్న కథను మన పిల్లలు ఆదివారపు బడిలో చదివినవారే. అంతటి ప్రవక్తకును గొఱ్ఱెలయొద్దనుండి కడసారివాడు వచ్చువఱకు వేచియుండవలసి వచ్చెను. నాకీ సంగతి బొమ్మల కథలకంటె జూన్ మాసమున తరగతిలో నెక్కువగా జ్ఞాపకమునకు వచ్చుచుండును. మారుమూల పల్లెనుండి వసతిగృహమునకు క్రొత్తగా వచ్చిన పిల్లవాడు మొదటి దినమున నోరు విప్పడు, ఇంగ్లీషు పాఠము చదువుమన్న తడబడును, నవ్వులు వినబడును. వారము తిరుగకుండనే వానికొక పేరు పెట్టుదురు. ఆ పేరు పదవ తరగతి వఱకు వానిని విడువదు. మొదటి భాగము చూచి విడిచివేసితిని అను మాటలోని నిబ్బరమే ఆ పేరు పెట్టుటయందును వినబడుచున్నదని చెప్పినచో పిల్లలకు కోపము రావచ్చును. ఉపాధ్యాయులమైన మేమును ఆ దోషమునకు బయటివారము కాము. శిక్షణ కళాశాలలో మా పాఠములను పరిశీలించుటకు వచ్చినవారు గంట మ్రోగిన పిదపనే విమర్శ వ్రాయవలెనని నియమముండెడిది; ఉద్యోగములో చేరిన తరువాత మొదటి యూనిటు పరీక్ష మార్కులతోనే విద్యార్థి పుట మూసివేయు అలవాటు మాలో పలువురకు పట్టినది.

ఇక నా సలహాలు కొన్ని. ఋతువున కొక్క కథకు మించి చూడవలదు; వారమునకు అరగంట చదువునకు భంగము కాదు, పదికథల తొలి భాగములు మాత్రము ఒక వారపు సాయంకాలములన్నిటిని మ్రింగును. తొలి భాగములను మాత్రమే వరుసగా చూచి విడుచుచు పోవువాడు కథ చూచువాడు కాడు, అంగడి వీధిలో తిరుగువాడు. తల్లిదండ్రులారా, ఆ యొక్క కథలో ఒక్క భాగమైనను బిడ్డ ప్రక్కను కూర్చుండి చూడుడు, మొదటిదే కానక్కఱలేదు. అర్థము కాకున్న వానిని అడుగుడు. మీకు తెలియని సంగతిని మీకు చెప్పుటకు మించిన సంతోషము ఆ వయసు పిల్లలకు వేఱొకటి లేదు.

విద్యార్థులు తమ తీర్పులు చెప్పుట మానవలెనని నేను కోరను. చెప్పుట నేర్చుకొనుటకే బడి కలదు. మన గోడపత్రికలో ఇందుకు స్థల మిచ్చుటకు సంపాదక వర్గమువారిని అడిగియున్నాను. పద్ధతి యిది: కాగితమును నిలువున రెండు సగములు చేయవలెను. ఎడమ సగమున కథ పేరు, తేదీ, ఎన్ని భాగములు చూచి వ్రాయుచున్నారో ఆ సంఖ్య, తరువాత అభిప్రాయము. కుడి సగము తెల్లగా విడువవలెను. కథ ముగిసిన వారమున, వ్రాసినవారే, ఎడమ సగమును కొట్టివేయకుండ, దిద్దకుండ, కుడి సగమును నింపవలెను. మధ్యలో విడిచినవారు ఏ భాగమున విడిచిరో సంఖ్య వేసిన చాలును. జూలై ఋతువు కథలకు ఎడమ సగము ఆ నెల రెండవ వారమున కట్టుదుము. కుడి సగము నిండునప్పటికి దసరా సెలవులు వచ్చును గనుక, కాగితములను ఊడదీయక, వానకు తడియకుండ గ్రంథాలయపు లోపలి గోడకు అంటింపవలసినదిగా గ్రంథపాలకులను ప్రార్థించియున్నాను.